లోయలోకి దిగేముందు చెప్పవలసిన మాట



మన వార్షికోత్సవ సంచికలో పై చదువుల గురించీ, పోటీ పరీక్షల గురించీ ప్రతి ఏడూ వ్యాసాలు వస్తూనే ఉంటాయి. మేము కూడా ఒకప్పుడు స్టడీ అవర్‌లో పాఠ్యపుస్తకం చాటున పెట్టుకుని వాటిని చదివినవాళ్ళమే. ఈసారి సిలబస్‌లో లేని ఒక పాఠం రాద్దామనుకున్నాము. గత డిసెంబరులో ఈ హాస్టల్ పాత విద్యార్థినులం ఆరుగురం గైడు వెంట మహారాష్ట్రలోని సాంధణ్ లోయలోకి దిగి వచ్చాము. ఇప్పుడు వేర్వేరు చోట్ల పీజీ చదువుతున్న మాకు ఇలాంటి ప్రయాణం ఇదే మొదటిది. అక్కడ ఒక పొరపాటు జరిగింది. ప్రాణం మీదికి వచ్చి తప్పిపోయింది. ఆ పొరపాటు గైడుది కాదు, లోయది కాదు, మాదే. మీలో ఎవరూ దాన్ని మళ్ళీ చేయకూడదని ఈ వ్యాసం రాస్తున్నాము.

కాన్యనింగ్ అంటే ఏమిటి?

నీరు వేలాది ఏళ్ళు రాతిని కోసుకుంటూ పోగా కొండల మధ్య ఏర్పడే ఇరుకైన, లోతైన లోయను కాన్యన్ అంటారు. అలాంటి లోయలో నీరు నడిచిన దారినే పట్టుకుని పై నుంచి కిందికి దిగడమే కాన్యనింగ్. అమెరికాలో దీన్ని కాన్యనీరింగ్ అనీ, దక్షిణాఫ్రికాలో క్లూఫింగ్ అనీ అంటారు. ఇందులో నడక ఉంటుంది, బండల మీద పాకడం ఉంటుంది, మడుగులు దాటడం ఉంటుంది. నిట్టనిలువుగా తెగిపోయిన చోట తాడు ఆధారంగా దిగడం ఉంటుంది. ఇలా తాడు మీద దిగడాన్ని రాపెలింగ్ అంటారు.

ఇది మొదట ఆటగా పుట్టలేదు. ఫ్రాన్సు దేశంలో ఎడ్వార్డ్ ఆల్ఫ్రెడ్ మార్టెల్ అనే ఆయన గుహలనూ, భూగర్భ నదులనూ పరిశోధించేవాడు. 1888లో బ్రమాబియా అనే భూగర్భ నదీ మార్గాన్ని ఆ చివర నుంచి ఈ చివరకు దాటాడు. 1905లో వెర్డన్ నది లోయను తన బృందంతో అన్వేషించాడు. నీరు ఎక్కడ మాయమై ఎక్కడ తేలుతుందో తెలుసుకోవాలన్నదే అతని తపన. ఆయన వెళ్ళిన ఇలాంటి దారుల్లోనే తర్వాతి కాలంలో సరదా కోసం వెళ్ళేవాళ్ళు పెరిగారు.

కొండ ఎక్కడానికీ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. కొండ ఎక్కేటప్పుడు అలసిపోతే ఉన్నచోటి నుంచి వెనక్కి తిరగవచ్చు. ఇక్కడ అందరం దిగిన తర్వాత తాడును కిందికి లాగేసుకుంటే ఇక వెనక్కి దారి ఉండదు. ముందుకు పోవలసిందే. అందువల్ల మనకు ఏమి వచ్చో ఏమి రాదో దిగకముందే తేల్చుకోవాలి. ఈ మాట మాకు ఆలస్యంగా అర్థమయింది.

సాంధణ్ లోయ

సికింద్రాబాద్‌లో రైలెక్కి నాసిక్ రోడ్ స్టేషనులో దిగాము. అక్కడి నుంచి జీపులో ఘోటీ, భండార్‌దరా మీదుగా సామ్రద్ అనే చిన్న ఊరు చేరాము. అది అహల్యానగర్ (పూర్వపు అహ్మద్‌నగర్) జిల్లాలోని అకోలే తాలూకాలో, సహ్యాద్రి కొండల అంచున ఉంది. ఒకవైపు రతన్‌గడ్ కోట, మరోవైపు అలంగ్, మదన్, కులంగ్ అనే కోట కొండలు కనిపిస్తాయి. ఊరి దాపునే నేల రెండుగా చీలినట్టు సాంధణ్ లోయ మొదలవుతుంది. పొడవు సుమారు 2 కిలోమీటర్లు, లోతు సుమారు 200 అడుగులు. కొన్ని చోట్ల రెండు చేతులు చాపితే రెండు గోడలూ తగిలేటంత ఇరుకు. నడిమధ్యాహ్నం తప్ప అడుగున ఎండ పడదు.

ఆ గోడలు నల్లరాయి, అనగా బసాల్టు. దాదాపు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం లావా పొరలు పొరలుగా పారి గడ్డకట్టగా ఏర్పడిన దక్కన్ నాపల్లో ఇది భాగం. ఆదిలాబాద్, వికారాబాద్ వైపు కనిపించే నల్లరాయి కూడా ఆ లావాదే. మన హైదరాబాద్, భువనగిరి గుట్టలు మాత్రం గ్రానైటు. గ్రానైటు గరుకుగా ఉండి కాలికి పట్టు దొరుకుతుంది. నీళ్ళు పారి నున్నబడిన బసాల్టు తడిస్తే సబ్బులా జారుతుంది. మాలో జాగ్రఫీ చదివే అక్క ఈ సంగతి రైల్లోనే చెప్పింది. విన్నాము గాని, జారి పడ్డాకే నమ్మాము.

మరో సంగతి మమ్మల్ని ఆశ్చర్యపరిచింది. రతన్‌గడ్ దగ్గర పుట్టే ప్రవర నది తూర్పుకు పారి, 1926లో పూర్తయిన విల్సన్ డ్యామ్ వెనుక భండార్‌దరా జలాశయంగా నిలిచి, ఆ తర్వాత గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరే బాసర మీదుగా, భద్రాచలం మీదుగా రాజమండ్రి దాకా వస్తుంది. సాంధణ్ లోయలో పడిన వాన మాత్రం పడమటికి, కొంకణం వైపు దిగిపోతుంది. కొండ అంచున కురిసిన ఒకే వానలో కొంత నీరు మన ఇంటికి వస్తే, కొంత అరేబియా సముద్రానికి పోతుందన్నమాట.

గైడు అడిగిన ప్రశ్న

మా గైడు సామ్రద్ ఊరి యువకుడే. చిన్నప్పుడు మేకలు కాస్తూ ఆ లోయలో తిరిగినవాడు. తర్వాత తాళ్ళ పని నేర్చుకుని శిక్షణ పొందాడు. మమ్మల్ని "తాయీ" అని పిలిచేవాడు. మరాఠీలో తాయి అంటే అక్క. మేము అతన్ని "దాదా" అన్నాము. అతనికి సాయంగా మరొకతను ఉన్నాడు.

ఉదయం ఏడు గంటలకు ఊరి గుడి ముందు మమ్మల్ని వరుసగా నిలబెట్టి దాదా హిందీలో మూడు ప్రశ్నలు అడిగాడు. ఎవరికైనా ఆయాసం, మూర్ఛ, గుండె జబ్బు ఉన్నాయా? ఎత్తంటే ఎవరికి భయం? ఈత ఎవరికి రాదు? ఈత రానివాళ్ళు చెయ్యెత్తితే లైఫ్ జాకెట్ ఇస్తానన్నాడు.

ముగ్గురు చెయ్యెత్తారు. ముగ్గురు ఎత్తలేదు. ఎత్తనివాళ్ళలో ఇద్దరికి ఈత వచ్చు. ఒకరు కాలవగట్టు ఊరి పిల్ల, మరొకరు వాళ్ళ నాన్న దగ్గర వ్యవసాయ బావిలో నేర్చుకున్న పిల్ల. మూడో అమ్మాయికి రాదు. రాదని మిగతా ఐదుగురికీ తెలుసు. ఐదేళ్ళు ఒకే గదిలో ట్రంకు పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని బతికినవాళ్ళం, తెలియకుండా ఎలా ఉంటుంది?

తను ఎందుకు చెప్పలేదో తర్వాత చెప్పింది. యూనివర్సిటీలో చేరిన కొత్తలో కంప్యూటర్ ల్యాబ్‌లో "నాకు ఇది రాదు సార్" అన్నందుకు క్లాసంతా నవ్విందట. అప్పటి నుంచి "రాదు" అనే మాట నోటికి రావడం లేదట. మేము ఎందుకు చెప్పలేదు? తను నొచ్చుకుంటుందేమోనని. కొత్తవాళ్ళ ముందు మనలో మాట బయటపెట్టడం ఎందుకులే అని. దాన్ని స్నేహమనుకున్నాము.

దాదా మా సామాను తనిఖీ చేశాడు. కాటన్ చుడీదార్లు వద్దన్నాడు. నూలు బట్ట తడిస్తే బరువెక్కుతుంది, త్వరగా ఆరదు, ఒంట్లో వేడిని లాగేస్తుంది. త్వరగా ఆరే ట్రాక్ ప్యాంటు, టీషర్టు వేసుకోమన్నాడు. చున్నీలు తీసి సంచిలో పెట్టమన్నాడు. జడలు హెల్మెట్ కింద ముడి వేయించాడు. వేలాడే జుట్టు గానీ బట్ట గానీ తాడు నడిచే పరికరంలో చిక్కుకుంటే మనిషి గాలిలోనే ఆగిపోతుందట.

మడుగులో ఏం జరిగింది?

లోయలో కొంతదూరం బండల మీద నడిచాక నీటి మడుగులు వచ్చాయి. ఒకటి మోకాలి లోతు. తర్వాతది పొడవైనది, కొన్నిచోట్ల ఛాతీ దాటే లోతు. ఎండ తగలని నీళ్ళు కావడంతో ఐసు ముక్కల్లా ఉన్నాయి. గాలిలో కంటే నీటిలో మన శరీరం దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని కోల్పోతుంది. చల్లటి నీళ్ళలో హఠాత్తుగా దిగితే ఊపిరి ఎగబీలుస్తుంది. ఆ క్షణంలో తల నీళ్ళలో ఉంటే నీరే లోపలికి పోతుంది. అందుకే దాదా మమ్మల్ని ముందు ముఖం, మెడ తడుపుకుని, ఊపిరి కుదుటపడ్డాక మెల్లగా దిగమన్నాడు.

గోడ పక్కన ఒక తాడు కట్టి, దాన్ని పట్టుకుని రమ్మన్నాడు. జాకెట్ ఉన్న ముగ్గురిని ఒక్కొక్కరిగా తనే దాటించాడు. ఈత వచ్చినవాళ్ళం అన్న ముగ్గురినీ వెనకాల వరుసగా రమ్మన్నాడు. మా స్నేహితురాలు మధ్యలో ఉంది. నీళ్ళ కింద ఒక బండ అంచు దాటగానే తన కాలు జారింది. తాడు వదిలేసింది. కేక వేయలేదు. మునిగిపోయేవాళ్ళు సినిమాల్లో లాగా కేకలు వేస్తారనుకునేవాళ్ళము. నిజానికి ఊపిరికే చాలని నోరు కేక వేయలేదు. తల పైకి వచ్చింది, మునిగింది, మళ్ళీ వచ్చింది. ముందున్న అమ్మాయి వెనక్కి తిరిగి చెయ్యి చాపింది. అంతే, ఆ చెయ్యి పట్టుకుని మెడకు చుట్టుకుపోయింది. కాలవ ఈదిన పిల్ల కూడా ఆ పట్టుకు నీళ్ళలోకి పోయింది.

దాదా అవతలి గట్టు నుంచి దూకాడు. ఎదురుగా పోలేదు. చుట్టూ తిరిగి వెనక నుంచి వచ్చి, తన గడ్డం కింద చెయ్యి వేసి ముఖం నీటి పైకి ఎత్తాడు. రెండో అతను ట్యూబు విసిరాడు. ఇద్దరూ బయటపడ్డారు. ఇదంతా ఎంతసేపు? నిమిషం కూడా కాదు. కానీ ఆ రాత్రి మాలో ఎవరికీ నిద్ర పట్టలేదు.

గట్టు మీద దాదా కోప్పడలేదు. నీళ్ళు కక్కించి, పొడి తువ్వాలు కప్పి, బెల్లం ముక్క చేతిలో పెట్టి ఇలా అన్నాడు: "తాయీ, ఈత రాకపోవడం తప్పు కాదు. మా ఊళ్ళో కూడా చాలామందికి రాదు. నాకు చెప్పకపోవడం తప్పు. చెబితే నీకూ జాకెట్ ఇచ్చేవాణ్ణి, నా చేత్తో దాటించేవాణ్ణి." తర్వాత మా వైపు తిరిగి, "మీకు తెలుసా?" అని అడిగాడు. మేము తల దించుకున్నాము.

మనకు ఈత ఎందుకు రాదు?

ఆ రాత్రి గుడారం ముందు మంట దగ్గర ఈ ప్రశ్నే మాట్లాడుకున్నాము. మా నాయనమ్మల కాలంలో ఊరి మంచినీళ్ళ బావి గట్టు మనవాళ్ళను ఎక్కనిచ్చేవారు కాదు. ఎవరైనా దయతలచి పోస్తే దోసిట పట్టుకోవలసిందే. నీళ్ళు తాకనివ్వని చోట ఈత ఎవరు నేర్పుతారు? తర్వాతి కాలంలో మగపిల్లలు ఏదో ఒక బావిలో, చెరువులో నేర్చుకున్నారు. ఆడపిల్లకు అదీ లేదు. హాస్టల్లో మనకు తెలిసిన నీళ్ళు బకెట్‌లో నీళ్ళే.

మేము కూర్చున్న సహ్యాద్రికి పడమటి దిగువన, కొంకణంలో, దక్షిణంగా మహాడ్ అనే పట్టణం ఉంది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేడ్కర్ వేలాదిమందితో కలిసి అక్కడి చవదార్ చెరువుకు నడిచి వెళ్ళి, ఆ నీళ్ళు దోసిటితో తాగారు. అందరి చెరువులో మాకూ హక్కుందని చాటారు. ఆ కథ మనం ప్రతి ఏప్రిల్ 14న ఉపన్యాసాల్లో చెప్పుకుంటాము. ఆ రోజు మడుగు గట్టున వణుకుతూ కూర్చున్నప్పుడు అది మాకు కొత్తగా అర్థమయింది. మనకు ఈత రాకపోవడానికి కారణం మన పిరికితనమో తెలివితక్కువతనమో కాదు. మనల్ని నీళ్ళ దగ్గరికి రానివ్వలేదు. కాబట్టి అది రాదని చెప్పుకోవడానికి మనం సిగ్గుపడవలసిన పని లేదు. సిగ్గుపడి దాచుకుంటే మాత్రం నష్టపోయేది మనమే.

తాడు మీద దిగడం

ఇక పగటి ప్రయాణంలోకి వద్దాము. మడుగు దాటి బండల మీద చాలాదూరం దిగాక మొదటి పెద్ద తెగుడు వచ్చింది. సుమారు 45 నుంచి 50 అడుగులు, అంటే నాలుగంతస్తుల ఎత్తు. అంచున నిలబడి దాదా అన్నాడు: "వెనక్కి వెళ్ళదలచినవాళ్ళకు ఇదే ఆఖరి చోటు. ఇక్కడ చెప్పండి."

ఈసారి వెంటనే ఒక చెయ్యి లేచింది. బావిలో ఈత నేర్చుకున్న అమ్మాయిది. పొద్దున ఎత్తంటే భయమా అని అడిగినప్పుడు తనూ మాట్లాడలేదు. ఇప్పుడు "నాకు కళ్ళు తిరుగుతున్నాయి, నేను దిగలేను" అంది. ఎవరమూ నవ్వలేదు, బతిమాలలేదు. రెండో గైడు తనకు జాకెట్ తొడిగి వెనక్కి తీసుకుపోయాడు. మడుగులో మునిగిన అమ్మాయిని దాదా రెండుసార్లు అడిగాడు. "దిగుతాను. కానీ ఎలాగో నాకు అర్థం కాలేదు. మళ్ళీ మొదటి నుంచి చెప్పండి" అంది. దాదా మూడుసార్లు చెప్పాడు. ఆ మూడోసారి చెప్పినప్పుడే మిగతావాళ్ళకూ పూర్తిగా అర్థమయింది. మేము అర్థమైనట్టు తల ఊపుతూ నిలబడ్డామే గాని, బ్రేకు చెయ్యి ఏదో మాలో ఇద్దరికి తెలియదు.

దాదా చెప్పినదాన్ని మీ కోసం ఇక్కడ రాస్తున్నాము.

1. హార్నెస్: నడుముకూ తొడలకూ చుట్టే బలమైన పట్టీ. బరువు తొడల మీద పడాలి. బకిల్ బిగించాక గైడు చేత్తో లాగి చూడాలి, మనం కూడా చూసుకోవాలి.

2. కారబైనర్: తాడునూ హార్నెస్‌నూ కలిపే లోహపు కొక్కెం. దాని మీద 22 కెఎన్ అన్నట్టు అంకె చెక్కి ఉంటుంది. కెఎన్ అంటే కిలో న్యూటన్. 22 కిలో న్యూటన్లంటే సుమారు 2,200 కిలోల బరువు. కానీ దాని తలుపు తెరిచి ఉంటే బలం మూడో వంతుకు పడిపోతుంది. అందుకే మర తిప్పి తలుపు బిగించారో లేదో చూడాలి.

3. ఫిగర్ ఎయిట్: ఎనిమిది అంకె ఆకారంలోని లోహపు పరికరం. తాడు దీని చుట్టూ మెలిక తిరిగి పోతుంది. ఆ రాపిడే మనల్ని ఆపుతుంది. మాలో ఫిజిక్స్ చదివే అమ్మాయి చెప్పినట్టు, పైన ఉన్నప్పటి మన స్థితిశక్తి కిందికి వచ్చేసరికి చాలావరకు వేడిగా మారుతుంది. వేగంగా దిగితే ఆ పరికరం చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. కాబట్టి మెల్లగా దిగాలి.

4. బ్రేకు చెయ్యి: ఫిగర్ ఎయిట్ కింద తాడును పట్టుకున్న చెయ్యి, సాధారణంగా కుడిచెయ్యి. ఆ తాడును తుంటి వెనక్కి తెస్తే ఆగుతాము, కొద్దిగా వదిలితే దిగుతాము. ఏం జరిగినా ఈ చెయ్యి వదలకూడదు. పై తాడును గట్టిగా పట్టుకోవడం వల్ల ప్రయోజనం లేదు. భయంలో అందరం చేసే తప్పు అదే.

5. భంగిమ: కుర్చీలో కూర్చున్నట్టు వెనక్కి వాలాలి. కాళ్ళు భుజాల వెడల్పున, రాతికి అడ్డంగా చాపాలి. నిటారుగా నిలబడబోతే పాదాలు జారి ముఖం రాతికి కొట్టుకుంటుంది.

6. రెండో రక్ష: కింద ఒకరు అదే తాడు చివర పట్టుకుని నిలబడతారు. పైనున్న మనిషి చెయ్యి జారితే కిందివాళ్ళు తాడును బిగించి లాగగానే ఆగిపోతుంది. ఆ పనిలో ఉన్నవాళ్ళు కబుర్లు చెప్పకూడదు, కన్ను తిప్పకూడదు.

7. రాయి పడితే: పైనున్నవాళ్ళు వెంటనే గట్టిగా అరవాలి. కిందివాళ్ళు పైకి చూడకుండా గోడకు దగ్గరగా జరగాలి.

వెనక్కి వాలే ఆ మొదటి అడుగే కష్టం. శూన్యంలోకి వీపు పెట్టి కూర్చోమంటే మనసు ఒప్పుకోదు. ఒక్కసారి తాడు బరువు తీసుకుందని తెలిశాక పాదాలు వాటంతటవే నడుస్తాయి. మడుగులో మునిగిన అమ్మాయి రెండో మనిషిగా దిగింది. కింద కాలు మోపాక ఏడ్చింది, తర్వాత నవ్వింది, తర్వాత మిగతా ముగ్గురికి తనే కింద తాడు పట్టుకుంది.

పై నుంచి వచ్చే నీరు

దిగుతున్నంతసేపూ దాదా పైన సన్నటి చారలా కనిపించే ఆకాశం వైపు చూస్తూనే ఉన్నాడు. డిసెంబరులో వాన భయం తక్కువే అయినా అది అతని అలవాటు. వానకాలంలో ఈ లోయలో దిగడమంటే చావును పిలవడమే. మన నెత్తిన చినుకు పడకపోయినా ఎగువన కురిస్తే ఆ నీరంతా ఇరుకు లోయలోకే వస్తుంది. పారిపోవడానికి పక్కదారి ఉండదు.

ఇంటికి వచ్చాక దీని గురించి చదివాము. 1997 ఆగస్టు 12న అమెరికాలోని ఆరిజోనాలో యాంటిలోప్ కాన్యన్‌లో 11 మంది పర్యాటకులు ఎక్కడో దూరాన కురిసిన వాన నీటికి కొట్టుకుపోయారు. 1999 జూలై 27న స్విట్జర్లాండ్‌లోని ఇంటర్‌లాకెన్ దగ్గర సాక్సెటెన్ వాగులో గైడ్లతో కాన్యనింగ్‌కు వెళ్ళిన బృందాలపై ఉప్పెనలా నీరు వచ్చి 21 మంది చనిపోయారు. వారిలో ముగ్గురు గైడ్లు. 2001లో అక్కడి కోర్టు ఆ యాత్ర నడిపిన సంస్థకు చెందిన ఆరుగురిని దోషులుగా తేల్చింది. గైడు ఉన్నాడు కదా అని మనం ఆలోచించడం మానకూడదని ఈ సంఘటన చెబుతుంది.

అంత దూరం ఎందుకు? 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో రాళ్ళ మీద నిలబడి ఫోటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు, ఎగువన లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. 24 మంది విద్యార్థులు చనిపోయారు. మన ఆదిలాబాద్ కుంటాల జలపాతం దగ్గర కూడా ఎందరో యువకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

గుర్తుంచుకోవలసినవి

మీరు కాన్యనింగ్‌కు వెళ్ళకపోవచ్చు. కానీ వాగులు, చెరువులు, జలపాతాలు మనందరి ఊళ్ళ దగ్గర ఉన్నాయి. అందుకని:

1. తేట నీరు హఠాత్తుగా బురద రంగుకు తిరిగినా, ఆకులు పుల్లలు కొట్టుకొచ్చినా, ఎగువ నుంచి హోరు వినిపించినా ఫోటోలు, చెప్పులు, సంచులు అన్నీ వదిలి వెంటనే ఎత్తైన చోటికి ఎక్కండి.

2. మునుగుతున్నవాళ్ళకు చెయ్యి అందించకండి. కర్ర, తాడు, చున్నీ, చీర, ఏదైనా అందించండి. తేలే ఖాళీ డబ్బా, ట్యూబు విసరండి. కేకలు వేసి జనాన్ని పిలవండి. శిక్షణ లేనిదే నీళ్ళలోకి దూకకండి. ఒకరి కోసం దూకి ఇద్దరు, ముగ్గురు పోవడం ఇలాగే జరుగుతుంది.

3. గైడు ఉన్నా లేకున్నా వాతావరణ సూచన చూసుకోండి. వాన సూచన ఉంటే డబ్బు కట్టేశాము కదా అని వెళ్ళకండి. డబ్బు మళ్ళీ వస్తుంది.

4. గైడు అడిగిన ప్రతి ప్రశ్నకూ నిజం చెప్పండి. గైడు ఏమీ అడగకపోతే అతని వెంట వెళ్ళకండి.

5. స్నేహితురాలికి రాదని తెలిసి ఊరుకోకండి. మెల్లగా పక్కకు తీసుకెళ్ళి చెప్పమనండి. తను చెప్పకపోతే మీరే చెప్పండి. ఆ పూటకు నొచ్చుకుంటుంది, అంతే.

ముగింపు

మర్నాడు కరోలీ ఘాట్ దారిన కొండ ఎక్కి తిరిగి సామ్రద్ చేరాము. మధ్యలో వెనక్కి వెళ్ళిన అమ్మాయి దాదా వాళ్ళ అమ్మ పక్కన కూర్చుని జొన్న భాకరీలు కాలుస్తూ కనిపించింది. మా అందరిలోకీ తనే సంతోషంగా ఉంది. "మీరు లోయ దిగారు, నేను రొట్టె నేర్చుకున్నాను" అంది. తను తీసుకున్న నిర్ణయం మాకు ఏమాత్రం తక్కువగా అనిపించలేదు.

2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ మనలాగే సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. అప్పటికి పూర్ణ వయసు 13 సంవత్సరాల 11 నెలలు. వాళ్ళు తిన్నగా ఎవరెస్టుకు పోలేదు. ముందు భువనగిరి రాతిగుట్ట మీద తాడు పట్టడం నేర్చుకున్నారు. తర్వాత డార్జిలింగ్‌లో శిక్షణ పొందారు. రానిదాన్ని రాదని ఒప్పుకుని మొదటి ముడి నుంచి నేర్చుకున్నారు కాబట్టే అంత ఎత్తుకు పోగలిగారు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. క్లాసులో లెక్క అర్థం కాకపోతే చెయ్యెత్తండి. ఇంటర్వ్యూలో ఇంగ్లీషు ప్రశ్న అర్థం కాకపోతే మళ్ళీ అడగమనండి. నవ్వేవాళ్ళు నవ్వుతారు. మా స్నేహితురాలు ఒక నవ్వుకు భయపడి నోరు మూసుకుంది, మేము ఐదుగురం తనతోపాటు మూసుకున్నాము. ఆ మౌనం ఎక్కడికి తీసుకెళుతుందో ఆ మడుగులో కళ్ళారా చూశాము.

చివరిగా ఒక శుభవార్త. తను ఈ జనవరి నుంచి యూనివర్సిటీ ఈతకొలనులో ఈత నేర్చుకుంటోంది. మాలో రాని మిగతా ముగ్గురమూ తన వెంటే చేరాము. ఇప్పటికి ఒక అడ్డం ఈదగలుగుతున్నాము, మధ్యలో రెండుసార్లు గోడ పట్టుకుని. ఈ వేసవి సెలవుల్లో మీకు ఎక్కడైనా అవకాశం దొరికితే, నేర్పేవాళ్ళు దగ్గరుండగా, మీరూ నేర్చుకోండి. మొదటి రోజు మాత్రం గట్టిగా చెప్పండి: "నాకు ఈత రాదు, నేర్పండి" అని.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ పాత రూమ్మేట్లు